దంపతులు విధిగా గొడుగు వాడవలెను

కంచెర్లపాడు ఏరియా ఆసుపత్రిలో పదకొండో నంబరు గది ఎక్కడని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించరు. గడ్డం ఎత్తి చూపిస్తారు. అడిగినవాడు కూడా "నాక్కాదులే, మా బామ్మర్దికి" అని ఓ మాట అక్కడ పడేసి మరీ కదులుతాడు. ఆ లెక్కన చూస్తే ఆ పట్టణంలో బామ్మర్దులకు వచ్చినన్ని సుఖవ్యాధులు ఇంకెవరికీ రాలేదు.

ఆ గదిలో ఏలియా కూర్చుంటాడు. గుమ్మం మీద 'కౌన్సిలర్' అని రాసి ఉండడంతో మొదట్లో జనం వీధి కుళాయి రావడం లేదనీ, పందులు ఎక్కువయ్యాయనీ వచ్చి మొరపెట్టుకునేవాళ్ళు. ఏలియా అదంతా ఓపిగ్గా విని, మున్సిపాలిటీకి దారి చెప్పి పంపేవాడు. వాళ్ళ వంశంలో పదో తరగతి దాటినవాడు అతనొక్కడే. సోషల్ వర్కులో పీజీ చేశాడు. ఉద్యోగం కాంట్రాక్టుది, ఏటేటా పొడిగించాలి. మిరపకోతలకు వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ "మావోడు పెద్దాసుపత్రిలో మాటలు చెప్తాడు" అని గొప్పగా చెప్పుకుంటుంది. ఏం మాటలో ఆమె అడగలేదు, ఇతను చెప్పలేదు.

చెప్పే మాటలు నిజానికి చాలా చిన్నవి. రోగం ఒకరికి వచ్చినా మందు ఇద్దరూ వాడాలి. మందు పూర్తయ్యేదాకా దూరంగా ఉండాలి, ఉండలేకపోతే తొడుగు వాడాలి. తర్వాత కూడా, అనుమానం ఉన్నచోట తొడుగు వాడాలి. బల్ల మీద ఒక కొయ్యబొమ్మ ఉండేది. దానికి తొడిగి చూపిస్తూ చెప్పేవాడు. వినేవాళ్ళు పైన తిరిగే ఫ్యానును శ్రద్ధగా చూస్తుండేవాళ్ళు.

అట్లాంటి గదికి ఒకరోజు వెంగమ్మ మొగుణ్ణి చెయ్యిపట్టి లాక్కొచ్చింది. ఆమెకు మూడో నెల. ఇంతకుముందు కాన్పు ఏడో నెలలోనే పోయింది. అప్పుడు రక్తం పరీక్ష చేయించినవాళ్ళు లేరు. ఈసారి చేస్తే సవాయి రోగమని, అంటే సిఫిలిస్ అని తేలింది. డాక్టరమ్మ వెంటనే ఆమెకు సూది వేసి, మొగుడు మాలకొండయ్యకు కూడా వారం వారం వేయించుకోమని రాసింది. మాలకొండయ్య బోరు బండి మీద పనిచేస్తాడు. నెలల తరబడి ఊరూరా తిరిగి నేలకు బొక్కలు వేసి, పని లేని రోజుల్లో ఇంటికొస్తాడు. మొదటి సూది వేయించుకున్నాడు. రెండోదానికి రాలేదు.

"భయమేం లేదు సార్," అన్నాడు బెంచీ మీద ఒక పక్కకే ఒరిగి కూర్చుంటూ. "కాకపోతే ఆ సూది పిర్రలో గడ్డపార దింపినట్టుంటాది. కుంటుకుంటా పోతంటే బండి మీదోళ్ళు ఒకటే నవ్వుడు."

"నువ్వు భూదేవికి ఆరొందల అడుగుల బొక్కలేస్తావు," అంది వెంగమ్మ. "నీకు ఒక్క బొక్కకే ఏడుపొచ్చిందా?"

ఏలియా నవ్వు ఆపుకుని, ఈయన సూదులు పూర్తిచేయకుండా దగ్గరికొస్తే ఆమెకు రోగం మళ్ళీ అంటుతుందనీ, అది కడుపులో బిడ్డ దాకా పోతుందనీ చెప్పాడు. వెంగమ్మ మొగుడి వైపు చూడలేదు. ఏలియా వైపే చూసింది.

"ఈ బిడ్డన్నా దక్కుతాదా సార్?"

"చెప్పినట్టు చేస్తే దక్కుతుందమ్మా. సోమవారం రండి. తొడుగులు నిండుకున్నాయి. స్టోరు నుంచి తెప్పించి పెడతాను."

సోమవారానికి ముందు శనివారం వచ్చింది. శనివారం నాడు సర్క్యులర్ వచ్చింది.

ఆ మధ్య రాజధానిలోని పెద్ద కార్యాలయం, ఇక నుంచి ఉత్తర్వులన్నీ అచ్చమైన తెలుగులోనే ఉండాలని తీర్మానించుకుంది. ఎవరో అనువదించారు, ఎవరో టైపు చేశారు, ఎవరో దిద్దారు, చివర పెద్దసారు సంతకం చేశారు. ఇంతమంది చేతులు పడ్డ కాగితంలో 'తొ' ఉండాల్సిన చోట 'గొ' పడింది. సర్క్యులర్ ఇలా ఉంది: "సుఖవ్యాధుల నివారణార్థము దంపతులు కలిసిన ప్రతిసారీ విధిగా గొడుగు వాడవలెను."

ఏలియా ఒక్కడే కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత ఆ కాగితం పట్టుకుని ఫార్మసిస్టు జిలానీ దగ్గరికి పరుగెత్తాడు. స్టోరు తాళాలు జిలానీ దగ్గరే ఉంటాయి. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నవ్వబాక," అన్నాడు. "సంతకం ఉంది."

"అచ్చుతప్పు కదా సార్ అది."

"సంతకం పడ్డాక అచ్చుతప్పనేది ఉండదు అబ్బాయ్. ఉంటే అంతకు ముందే ఉండాల."

"సరే, తొడుగుల పెట్టె ఒకటి ఇప్పించండి. సోమవారం ఒకావిడకు మాటిచ్చాను."

జిలానీ వేలితో సర్క్యులరంతా పైనుంచి కిందికి వెతికాడు. "ఆ పేరుతో సరుకు ఇందులో యాడుంది? పేరు లేని సరుకిస్తే రేపు నా పింఛనికి నువ్వు పూచీనా?" అని స్టోరుకు ఇంకో తాళం కూడా వేశాడు.

ఆ మధ్యాహ్నమే జిల్లా కార్యాలయంలో అత్యవసర సమావేశం. జిల్లా నివారణాధికారి వరప్రసాద్ గారు వేదిక మీద చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన ఏం మాట్లాడినా పక్కనున్న గుమాస్తా రాసుకుంటాడు. రాసుకోకపోతే ఆయన మాట్లాడడం ఆపేస్తారు. ఏలియా వెనక వరసలోంచి లేచి, తమరు అనుమతిస్తే అందులో ఒక్క అక్షరం, అంటూ మొదలుపెట్టాడు.

"కూర్చోవయ్యా," అన్నారు వరప్రసాద్ గారు. "అక్షరాలు చూసేవాడు కిందే ఉంటాడు. స్ఫూర్తి చూసేవాడు పైకొస్తాడు. ఇన్నేళ్ళుగా మన కార్యక్రమం ఒక్కసారైనా వేదిక ఎక్కిందా? ప్రజాప్రతినిధుల్ని పిలిచి వాళ్ళ చేతిలో ఏం పెట్టేవాళ్ళం? ఏమని మైకులో చెప్పేవాళ్ళం? మొన్న మహిళా దినోత్సవంలో నేను 'ఆ వస్తువు' అని పదిసార్లు అంటే, వాళ్ళు ప్రెషర్ కుక్కరనుకుని వరసలో నిలబడ్డారు. గొడుగైతే! రిబ్బను కట్టొచ్చు. ఫొటో ముందు తెరవొచ్చు. ఆడామగా పిల్లాజెల్లా అందరి ముందూ నోరారా పలకొచ్చు. గొడుగు! గొడుగు!"

సభంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో నిజమైన సంతోషం ఉంది. ఇక ఆ మాట నోటితో అనే పని తప్పిందని ప్రతి ఒక్కరి ముఖమూ వెలిగిపోయింది.

"అంతేకాదు," అని వరప్రసాద్ గారు గొంతు తగ్గించారు. "మన పెద్దలు ఏమన్నారు? 'అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట' అన్నారు. అర్ధరాత్రి ఎండా? వానా? మరెందుకు పట్టమన్నాడు? ఆలోచించండి! ఐశ్వర్యం వచ్చినవాడు ఏయే దారుల్లో తిరుగుతాడో వాళ్ళకు తెలుసు. సుఖవ్యాధి నివారణ మనకు ఏనాడో తెలుసయ్యా. సామెతలో దాచిపెట్టారు, అంతే. రాసుకో."

గుమాస్తా రాసుకున్నాడు.

ఏలియా చదువుకున్నవాడు కాబట్టి చదువుకున్నవాడు చేసే పనే చేశాడు. 'గొడుగు' అనే పదానికి స్పష్టత ఇవ్వగలరని రాజధానికి వినయంగా అర్జీ పెట్టుకున్నాడు. జవాబు ఆశ్చర్యంగా తొందరగా వచ్చింది. "తెలియజేయునది ఏమనగా, గొడుగు అనగా గొడుగే. కామయు, ఊచలును, గుడ్డయు కలిగి ఎండవానల నుండి రక్షణనిచ్చు సాధనము. ఇంతమాత్రము తెలియని ఉద్యోగి కాంట్రాక్టు పొడిగింపునకు అర్హుడా కాదా అను విషయము పరిశీలనలో నున్నది."

ఈలోగా సోమవారం వెంగమ్మ రానే వచ్చింది. పదకొండో గదిలో రాత్రికి రాత్రే లారీలో దిగిన కొత్త గొడుగులు గుట్టగా పడున్నాయి. అన్నీ బటన్ నొక్కితే తెరుచుకునే రకం. ఏలియా తల దించుకుని ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదేంది సార్? వాన యాడుంది?"

"అమ్మా, నీకు ఇస్తానన్నది ఇది కాదు. అది వచ్చేదాకా ఇద్దరూ దూరంగా ఉండండి. ఆయన్ని సూదులకు పంపించు."

"దూరమంటే యాడికి దూరం సార్? ఉండేది ఒక్క గది. ఆ మనిషేమో రెండు నెలలకు ఇంటికొచ్చాడు. సూదంటే పారిపోతాడు గానీ నా దగ్గరికి రమ్మంటే పారిపోడు." ఇలా అంటూ ఆమె గొడుగును అటూ ఇటూ తిప్పి బటన్ నొక్కింది. అది 'ఢబ్'మని తెరుచుకుని, బల్ల మీది కాగితాలన్నీ ఎగరగొట్టి, కొయ్యబొమ్మను కింద పడేసింది. వెంగమ్మ ఉలిక్కిపడి, తర్వాత గొడుగు వైపు కాసేపు పరీక్షగా చూసి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కార్యక్రమం ఊపందుకుంది. సర్క్యులర్ వెనకాలే మార్గదర్శకాల పుస్తకం దిగింది. అందులో కూడా మారింది ఆ ఒక్క మాటే. మిగతాదంతా యథాతథంగా ఉంది. ప్రతిసారీ కొత్త గొడుగునే వాడవలెను. వాడిన గొడుగును కాగితములో చుట్టి చెత్తబుట్టలో వేయవలెను. ఒక గొడుగుపై మరొక గొడుగు వాడరాదు. గొడుగును జేబులోనూ పర్సులోనూ ఎక్కువకాలము ఉంచరాదు. గొడుగుకు కొబ్బరినూనె రాయరాదు. వాడుటకు ముందు గొడుగు కొనను వేళ్ళతో నొక్కి గాలి తీసివేయవలెను. కంచెర్లపాడు చెత్తకుండీల్లో కాగితాల్లో చుట్టిన గొడుగులు తేలాయి. పాత సామాన్లు కొనేవాళ్ళు తెల్లారకముందే వచ్చి వాటిని విప్పుకుని ఊచలు ఏరుకుపోయేవాళ్ళు. ఆ ఒక్క వర్గానికి మాత్రం కార్యక్రమం వల్ల నిజంగా మేలు జరిగింది.

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. పాత పద్ధతిలో కొయ్యబొమ్మ మీద చేసి చూపించాలని పుస్తకంలో ఉంది గనక, ఆయన ఆ బొమ్మను బల్ల మధ్యలో నిలబెట్టి, దానికి గొడుగు పట్టి, పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. నర్సులందరూ వరసగా వచ్చి దానికి గొడుగు పట్టారు. ఒకామె చెయ్యి వణికి గొడుగు కాస్త పక్కకు ఒరిగింది. నిపుణుడు బాధగా తల అడ్డంగా ఊపి "చూశారా, ఇట్లాగే వ్యాధులు ప్రబలుతాయి" అన్నాడు.

పోలీసు శాఖ కూడా చేయి కలిపింది. బస్టాండు దగ్గర జంటగా కనబడ్డవాళ్ళను కానిస్టేబుల్ ఆపేవాడు.

"గొడుగేది?"

"మేం అన్నాచెల్లెళ్ళం సార్."

"అయితే కలిసి నడవడం దేనికి? నువ్వు ఆ పక్కన పో, ఆమె ఈ పక్కన పోద్ది."

ఆ ఏడు కూడా వానలు లేక జనం ఎప్పటిలాగే కప్పలకు పెళ్ళి చేశారు. వధూవరులకు ఎందుకైనా మంచిదని ఓ గొడుగు పట్టారు. జిల్లా నివేదికలో ఆ జంట కూడా కలిసింది.

ఇంత చేసినా రోగాలు మాత్రం తగ్గలేదు. పైగా పెరిగాయి. పదకొండో గది ముందు బామ్మర్దుల బావలు ఎక్కువయ్యారు. వరప్రసాద్ గారు లెక్కలన్నీ పరిశీలించి, ఒక గొడుగు కింద ఇద్దరు సరిగా ఇమడక ఒకరి భుజం బయట ఉండిపోవడమే కారణమని తేల్చారు. రెండో విడతలో పెద్ద గొడుగులు వచ్చాయి.

ఏలియాకు నిద్ర పట్టడం మానేసింది. ఎదురుగా ఎవరు కూర్చున్నా 'ఈ బిడ్డన్నా దక్కుతాదా సార్' అన్న మాటే వినబడేది. ఒకరోజు మందుల షాపుకు వెళ్ళి తన డబ్బులతో తొడుగుల ప్యాకెట్లు కొని, సొరుగులో పెట్టి, వెంగమ్మకు కబురు పెట్టాడు. ఆమె కంటే ముందు తనిఖీ బృందం వచ్చింది. సొరుగు లాగి, ప్యాకెట్లను పట్టకారుతో పట్టుకుని, 'కార్యక్రమ విరుద్ధ సామగ్రి' అని చీటీ అతికించి సీలు చేసి పట్టుకుపోయింది. ఏలియాకు మెమో వచ్చింది. ఇంకొకసారి ఇట్లాంటిది జరిగితే పొడిగింపు ఉండదని అందులో ఉంది.

"నీకెందుకయ్యా ఈ తలనొప్పి?" అన్నాడు జిలానీ. "అందరితో పాటు గొడుగు పట్టు. ఎండన్నా తగలదు."

"ఆవిడకు ఆరో నెల వచ్చింది సార్."

జిలానీ తాళాల గుత్తి ఒకసారి తడుముకున్నాడు.

ఆ వారమే డాక్టరమ్మ వెంగమ్మకు మళ్ళీ రక్తం పరీక్ష చేయించింది. ఫలితం వచ్చిన కాగితాన్ని ఏలియా మూడుసార్లు చదివాడు. రోగం బాగా వెనక్కి తగ్గింది. మళ్ళీ అంటిన జాడ లేదు. బిడ్డ ఎదుగుదల బాగుంది. ఇంకా వింత ఏమిటంటే, మాలకొండయ్య తనంతట తానే వచ్చి, మానేసిన సూదుల్ని మొదటి నుంచీ మొదలుపెట్టి పూర్తిచేసుకుపోయాడు. ఏలియా బల్ల మీద తల ఆనించాడు. ఎందుకలా జరిగిందో అతనికి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా కళ్ళు తడిశాయి.

జిల్లా కార్యాలయానికి మాత్రం వెంటనే అర్థమైంది. గొడుగు తీసుకున్నవాళ్ళలో రోగం తగ్గిన జంట అదొక్కటే. వరప్రసాద్ గారు వీడియో మనిషినీ గుమాస్తానూ వెంటేసుకుని, పూలదండతో సహా పదకొండో గదికి వేంచేశారు. వెంగమ్మనూ మాలకొండయ్యనూ కుర్చీల్లో కూర్చోబెట్టారు. చెప్పమన్నప్పుడు చూపించడానికి గొడుగు ఆమె ఒళ్ళో పెట్టారు.

"గొడుగు వాడావా అమ్మా?"

"వాడాను సార్."

"ప్రతిసారీ?"

"ఆయన వచ్చినప్పుడల్లా."

"భేష్. ఎలా వాడావో నీ మాటల్లో చెప్పు. సిగ్గుపడకూడదు."

"సిగ్గెందుకు సార్. తలకాడ పెట్టుకోని పడుకుంటా. ఈయన చెయ్యి ఇటు జరిగిందా, బటన్ నొక్కుతా."

"రాసుకో. 'సకాలంలో' అని రాసుకో," అన్నారు వరప్రసాద్ గారు ఉత్సాహంగా. "ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది? ఆయన మంచం కింద ఉంటాడు."

"'సురక్షిత దూరం'. రాసుకో. భర్తగా నీ అనుభవం ఏమిటయ్యా?"

మాలకొండయ్య కనుబొమ్మ మీది మచ్చ చూపించాడు. "ఇక్కడ ఒక ఊచ తగిలింది సార్. ఇదిగో ఇక్కడ ఇంకోటి. సూదులన్నీ పొడిపించుకోని, డాక్టరమ్మ చేత చెప్పిస్తే గానీ గొడుగు ముయ్యనంది. నాలుగు రాత్రులు చూశా. సూదే నయమనిపించింది."

"'భర్తలో చికిత్స పట్ల చైతన్యం. స్వల్ప దుష్ఫలితాలు'," అని చెప్పి రాయించి, వరప్రసాద్ గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇట్లాంటి రుజువు చూడలేదు."

ఏలియా ఇక ఉండబట్టలేకపోయాడు. "సార్, రోగం తగ్గింది సూదుల వల్ల. మళ్ళీ అంటకుండా ఆగింది ఈవిడ తెలివి వల్ల. గొడుగు వల్ల కాదు సార్. అందరూ ఇట్లా గొడుగులతో కొట్టుకుంటూ కాపురాలు చెయ్యలేరు. ఆ స్టోరులో ఉన్న తొడుగులు ఇప్పిస్తే..."

"ఏలియా," అన్నారు వరప్రసాద్ గారు జాలిగా. "రుజువు ఎదురుగా కుర్చీలో కూర్చునుంది. నువ్వింకా అక్షరం దగ్గరే ఉన్నావు." తర్వాత గుమాస్తా వైపు తిరిగి, గొడుగు పథకాన్ని శాశ్వతం చేయాలని రాజధానికి రాయమన్నారు. స్టోరులో పడున్న పాత సరుకును నెలాఖరులోగా తగలబెట్టించి బూడిద ఫొటో పంపమన్నారు. దండ వేశారు. వీడియో మనిషి రెండోసారి వేయమంటే రెండోసారీ వేశారు. వెళ్ళిపోయారు.

మాలకొండయ్య టీ తాగొస్తానని బయటికి పోయాడు. వెంగమ్మ మాత్రం కదల్లేదు.

"సార్, ఆయన వచ్చే వారం బోరు బండెక్కతన్నాడు. మళ్ళీ కాన్పు ముందర వస్తాడు. పోయిన ఊళ్ళో ఎట్టుంటాడో నాకు తెలవదు. అడిగితే ఒట్టేస్తాడు. ఇంతకుముందూ ఒట్టేశాడు." కొంగు మీద రాలిన దండ పూరేకులు దులుపుకుంది. "ఈ గొడుగు ఇంక నేను పట్టలేను సార్."

"ఎందుకమ్మా? బాగానే పనిచేసిందిగా?"

"ఆయన నాకు మొగుడు సార్. దొంగ కాదు. వచ్చినప్పుడల్లా దొంగని తరిమినట్టు తరమాలంటే నాకు మాత్రం ఏడుపు రాదా? మీరు మొదట ఇస్తానంది ఉందిగా, అది ఇప్పించండి. బిడ్డా బాగుండాల, మేమూ మనుషుల మాదిరి ఉండాల."

ఏలియా స్టోరు వైపు చూశాడు. తొడుగులన్నీ గోడ అవతలే ఉన్నాయి. నెలాఖరుకు బూడిద. వెంగమ్మ నిట్టూర్చి గొడుగు మడిచింది. పట్టీ చుట్టి, దాంతోపాటు వచ్చిన సన్నటి గుడ్డ సంచిలోకి మెల్లగా దూర్చింది. ఏలియా ఆ చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఆ సంచినేమంటారమ్మా?"

"దీన్నా? ఏమంటారు సార్, గొడుగు తొడుగు."

ఏలియా కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. తెల్లకాగితం తీసి, చదువుకున్న చదువంతా చేతిలోకి తెచ్చుకుని, శుద్ధమైన తెలుగులో రాశాడు: "గొడుగులు దుమ్ము, చెమ్మల వలన పాడగుచున్నందున, వాటి పరిరక్షణార్థము గొడుగు తొడుగులు మంజూరు చేయ ప్రార్థన."

వరప్రసాద్ గారు అది చదివి చాలా సంతోషించారు. "ఇదీ పద్ధతి! విమర్శ మాని నిర్మాణంలోకి వచ్చావు. గొడుగుకు తొడుగు లేకపోతే ఎట్లా? ఈ ఆలోచన రాజధానికే రాలేదు." అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సంతకం చేశారు.

ఆ కాగితం స్టోరుకు చేరింది. జిలానీ కళ్ళద్దాలు సర్దుకుని పైనుంచి కిందికి వేలు జరిపాడు. వేలు ఒకచోట ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"సరుకు పేరుంది," అన్నాడు చివరికి.

"ఉంది సార్."

"సంతకం ఉంది."

"రెండున్నాయి సార్."

"గొడుగుకొకటి చొప్పున ఇమ్మంటావా?"

"ఒకటి చాలదు సార్. ప్రతిసారీ కొత్తది వాడాలని మార్గదర్శకం."

"నిజమే, మార్గదర్శకం ఉంది," అంటూ జిలానీ రెండు తాళాలూ తీశాడు. ఇన్నేళ్ళలో ఆయన నవ్వగా ఏలియా చూడలేదు. ఇప్పుడూ పూర్తిగా చూడలేదు. పెట్టెలు మోసుకొచ్చేటప్పుడు ఆయన ముఖం వాటి వెనక ఉంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పదకొండో గదిలో మళ్ళీ పని మొదలైంది. నెలాఖరుకు జిల్లా కార్యాలయానికి ఖాళీ అట్టపెట్టెల బూడిద ఫొటో వెళ్ళింది. వచ్చినవాళ్ళకు ఏలియా గొడుగు ఒకటి, గొడుగు తొడుగులు గుప్పెడు ఇచ్చేవాడు. కొయ్యబొమ్మ మీద చేసి చూపిస్తూ, ఏది ఎండకో ఏది దేనికో నెమ్మదిగా చెప్పేవాడు. జనానికి గొడుగు చంకలో ఉండడం వల్ల రెండోది పట్టుకుపోవడానికి పెద్ద సిగ్గు అనిపించేది కాదు. బామ్మర్దులకు కూడా కాస్త నెమ్మదించింది.

వెంగమ్మకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ రక్తం పరీక్ష చేస్తే ఏ దోషమూ లేదు. మూడో నెలలో టీకాకు తీసుకొచ్చినప్పుడు, బిడ్డను భుజాన వేసుకుని పదకొండో గదికి వచ్చింది. మాలకొండయ్య మర్నాడు ఊరు నుంచి దిగుతున్నాడట. ఏలియా ఇచ్చిన ప్యాకెట్లను బొడ్డున దోపుకుంటూ ఉండగా, గుమ్మంలో వరప్రసాద్ గారు, ఆయన వెనకాల గుమాస్తా ప్రత్యక్షమయ్యారు. తనిఖీ.

"ఆఁ, మన గొడుగు తల్లి!" అన్నారు ఆయన ఆప్యాయంగా. అంతలో ఆమె చేతిలో మిగిలిన ప్యాకెట్టు మీద ఆయన చూపు పడింది. అందుకుని, మూల చింపి, లోపలిది బయటికి తీసి వెలుతురుకు పట్టి చూశారు. గది మూలనున్న పెద్ద గొడుగు వంక చూశారు. మళ్ళీ చేతిలోదాని వంక చూశారు.

"ఏమయ్యా ఏలియా. ఇంత చిన్నదాంట్లో అంత గొడుగు ఎట్లా పడుతుంది?"

ఏలియా కొయ్యబొమ్మను మెల్లగా బల్ల కిందికి దించాడు. కాంట్రాక్టు, స్టోరు, అమ్మ చెప్పుకునే గొప్ప, అన్నీ కలిసి కళ్ళ ముందు మెదిలాయి.

"సాగుతాది సార్," అంది వెంగమ్మ బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ.

వరప్రసాద్ గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగారు. సాగింది. ఇంకా లాగారు. ఇంకా సాగింది. వదిలితే టప్పున వచ్చి ఆయన ముక్కుకు తగిలింది. పసిది కిలకిలా నవ్వింది.

"రాసుకో," అన్నారు ఆయన ముక్కు తడుముకుంటూ. "సరుకు నాణ్యమైనది. సాగు గుణము కలదు. అయినను, గొడుగు కొలతలను దృష్టిలో ఉంచుకుని, వచ్చే ఏడాది నుండి పెద్ద సైజు కోరవలెను."